చేతికి అంటని నలుపు

పెన్సిలు నలుపు అసలు నలుపే కాదు. ఈ మాట ఎవరి ముందైనా గట్టిగానే అంటాను. ఎంత మెత్తటి పెన్సిలు తీసుకున్నా, ఎంత ఓపిగ్గా రుద్దినా, కాగితాన్ని కాస్త పక్కకు వంచి చూడండి, మెరుస్తుంది. రాగి చెంబు గీసేటప్పుడు ఆ మెరుపు అక్కరకొస్తుంది. గాజు సీసాకు, పట్టుచీర అంచుకు కూడా సరిపోతుంది. గొంగడికి మాత్రం పనికిరాదు. గొంగడి తన మీద పడ్డ వెలుగును దాచుకుంటుంది, తిరిగి ఇవ్వదు. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. గొంగడి కప్పుకుని పెరిగాను కాబట్టి తెలుసు.

మాది మక్తల్ దగ్గర ఒక పల్లె. గొర్రెలు మేపే ఇల్లు. నాయిన మందతో తిరిగేవాడు, అమ్మ ఉన్ని వడికేది, పెద్దనాయిన మగ్గం మీద గొంగళ్లు నేసేవాడు. మా ఇంట్లో ఎటు చూసినా నలుపే. కొత్తగా పుట్టిన గొర్రెపిల్ల నలుపు వేరు, ఎండలో తిరిగిన ముసలి గొర్రె నలుపు వేరు. మొదటిది తడిసిన రేగడిలా ఉంటుంది, రెండోదానికి కొసల్లో ఎరుపు తిరుగుతుంది. ఊళ్లో బడి అయిపోయాక పాలమూరులో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. అక్కడ మా డ్రాయింగ్ మాస్టారు నలుపంటే ఒకటే అన్నట్టు మాట్లాడితే నాకు నవ్వొచ్చేది. అయినా ఆయన దగ్గర బుద్ధిగా నేర్చుకున్నాను. హైదరాబాదు వెళ్లి డ్రాయింగ్ పరీక్ష రాసి పాసయ్యాను.

అరవైల మొదట్లో పాలమూరు ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు బదిలీ అయింది. ఆ జాగాలోకి ఎవరిని తీసుకోవాలో హెడ్‌మిస్ట్రెస్ తనే చూసి నిర్ణయిస్తానన్నారు. ఒక్కొక్కరూ ఒక్క షీటు తేవాలి. రంగులు వద్దు, నలుపు తెలుపుల్లో ఛాయలన్నీ కనబడాలి. కబురు అందేసరికి నేను ఊళ్లోనే ఉన్నాను. శివరాత్రి దాటింది, మేత తక్కువైంది, నాయిన మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోవడానికి సిద్ధమవుతున్నాడు.

అన్నం తింటున్న నాయినతో సంగతి చెప్పాను. ఆయన ముద్ద మింగి, నీళ్లు తాగి, అప్పుడు మాట్లాడాడు.

"నౌకరి దొరికితె చెయ్యి, నేను కాదంట లేను. గని ఇంట్ల ఉన్ని పని మీ అమ్మ ఒక్కతితోని కాదు. నేను వానలకు మర్లొస్త. వచ్చి నీ పని సూస్త. నా మనసుకు ఒప్పితె ఆడ్నే ఉందువు. లేకుంటె ఇంటికి నడువు."

అంటే నాకు రెండు పరీక్షలన్నమాట. మొదటిది హెడ్‌మిస్ట్రెస్ పెట్టేది, రెండోది నాయిన పెట్టేది. మొదటిదాని గురించి నాకు బెంగ లేదు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి. నా చేతి మీద నాకు అప్పటికే నమ్మకం ఉంది. రెండోదే తేలేది కాదు. బొమ్మ చూసి నాయిన మనసు ఎటు ఒప్పుతుందో, బొమ్మలు ఎప్పుడూ చూడని మనిషి విషయంలో ఎట్లా చెప్పగలను?

ఏం గీయాలో మాత్రం క్షణంలో తేలిపోయింది. మిగతా వాళ్లంతా కూజా పక్కన ద్రాక్షగుత్తి పెట్టి గీసి తెస్తారు. నాకు నేర్పిందీ అదే. ద్రాక్షపళ్లను మా ఊళ్లో ఎవరూ చూడనే లేదు. నేను నాయిన గొంగడి గీస్తాను. గొంగడి కప్పుకుని కూర్చున్న మనిషిని వెనక నుంచి గీస్తాను, ముఖం కనబడకుండా, వీపు మాత్రమే.

ఆ గొంగడి మా తాతది. తాత నేను పుట్టకముందే పోయాడు. ఆయనకు ఒక్క ఫోటో కూడా లేదు. మంద నడిచేటప్పుడు తాత ముందు నడిచేవాడట, చిన్నప్పటి నాయిన ఆయన వెనకాల గొర్రెపిల్లలను అదిలించుకుంటూ పోయేవాడట. తాత తర్వాత గొంగడి నాయిన భుజానికెక్కింది. కొత్త గొంగడి నేసిస్తానని పెద్దనాయిన ఎన్నిసార్లన్నా నాయిన వద్దనేవాడు. కొత్తది గుచ్చుకుంటుంది, ఇది మెత్తబడింది అనేవాడు.

ఇక సరంజామా. పాలమూరు పోయి దుకాణంలో పెన్సిళ్లన్నీ తీయించి ఒక్కోదానితో ఒక్కో గీత గీసి చూశాను. దుకాణం సేటు కాసేపు ఓర్చుకున్నాడు.

"ఏమ్మా, అన్ని గిట్ల గీసి సూస్తె ఇగ అమ్మనీకె ఏం మిగుల్తయి?"

"మిగిలినయి ఎవలకైన పనికొస్తయి. నాకు పనికొచ్చేది నేను తీసుకుంట" అన్నాను. గట్టి పెన్సిలు కాగితాన్ని గీరుతుంది కానీ నలుపు ఇవ్వదు. మెత్తటిది నలుపు ఇస్తుంది, దాని వెంట ఆ పాడు మెరుపు కూడా ఇస్తుంది. ఒక్క 2బి పెన్సిలు మాత్రం తీసుకున్నాను, అంచుల గుర్తులకు. కాగితం దగ్గర రాజీ పడలేదు. నున్నటి షీటు మీద బొగ్గు నిలవదు, జారిపోతుంది. వేలితో తడిమితే కాస్త గరుకు తగలాలి, ఆ గరుకులోనే నలుపు ఇరుక్కుని కూర్చుంటుంది. సేటు దగ్గర అట్టడుగున దుమ్ము పట్టిన మందపు షీట్లు దొరికాయి. ఎవరూ కొనడం లేదని ఆయన ఆశ వదిలేసుకున్న సరుకు అది.

బొగ్గు నేనే చేసుకున్నాను. పొయ్యిలో బొగ్గు పనికిరాదు, ఒక కొస రాయిలా ఉంటుంది, ఇంకో కొస బూడిదలా రాలుతుంది. సన్నటి పుల్లల తోలు ఒలిచి, రేకు డబ్బాలో సందు లేకుండా పేర్చి, మూతకు మట్టి మెత్తి, పిడకల నిప్పులో కప్పెట్టాలి. పొగ ఆగిపోయాక బయటికి తీసి చల్లారనివ్వాలి. ఆత్రపడి వేడి మీదే మూత తీస్తే గాలి తగిలి పుల్లలు అంటుకుంటాయి. నేను ఆత్రపడ్డాను, ఒక డబ్బా అంతా బూడిదైంది. తర్వాత బుద్ధిగా ఆగాను. తంగేడు పుల్ల బొగ్గు కాగితాన్ని గీరింది. సీతాఫలం పుల్ల మెత్తగా, బూడిద రంగులో పడింది, ఊదితే లేచిపోయింది. లేత ఛాయలకు దాన్ని పక్కన పెట్టాను. చింతపుల్ల దగ్గరికొచ్చేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. నిండుగా, వెచ్చగా, ఏ మాత్రం మెరవకుండా పడింది.

అన్నిటికంటే లోతైన మడతలకు అది కూడా చాలలేదు. దానికి మా అవ్వ కాటుక ఉంది. అవ్వ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టేది. ఆ మసిని నూనె కలపకముందే కొంచెం అడిగి తెచ్చుకున్నాను. దాంతో జాగ్రత్తగా ఉండాలి. మడత లోపల చిటికెడు వేస్తే గొంగడికి బరువు వస్తుంది. అంతటా పులిమితే అది గొంగడి కాదు, గొయ్యి.

తుడవడానికి రబ్బరు పనికిరాదు, బొగ్గును నలుదిక్కులా పూస్తుంది. డబల్‌రొట్టె అంటే బ్రెడ్డే, దాని మధ్య మెత్తటి భాగం పిసికి అద్దమని మాస్టారు చెప్పేవారు. మా ఊళ్లో డబల్‌రొట్టె ఎక్కడిది? జొన్నరొట్టెతో ప్రయత్నించాను. పిసికితే పొడిపొడి అయింది, అద్దితే గరగరలాడింది. ఆ పొడి కోళ్లు తిని ముక్కులు నల్లగా చేసుకుని తిరిగాయి. మళ్లీ పాలమూరు పోయినప్పుడు డబల్‌రొట్టె తెచ్చాను. ఇంట్లో పిల్లలు తినేయకుండా దాన్ని ఉట్టి మీద దాచాల్సి వచ్చింది.

ఛాయలు కలపడం దగ్గరే అసలు తంటా. వేలితో కలిపితే చెమట అంటుతుంది. చుట్టిన కాగితంతో కలిపితే నునుపు ఎక్కువై గొంగడి కాస్తా రాగి బిందెలా తయారవుతుంది. గుడ్డ సగం బొగ్గును తనే తీసుకుపోతుంది. ఉన్నిని ఉన్నితోనే కలపాలని నాకు తోచింది. ఆ ఆలోచనకు నన్ను నేనే మెచ్చుకుని, అమ్మ పక్కన ఉన్న కుప్పలోంచి ఒక పిడికెడు తీసి షీటు మీద తిప్పాను. తిప్పిన చోటల్లా తర్వాత బొగ్గు పట్టలేదు, మరకలు మరకలుగా తేలింది. ఉన్నిలోనే పుట్టి పెరిగినదాన్ని, కడగని ఉన్నికి జిడ్డు ఉంటుందని ఆ క్షణాన తట్టలేదు. అమ్మ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను, కాకపోతే కాసేపయ్యాక. తర్వాత కుంకుడు రసంతో కడిగి, ఎండబెట్టి, ఏకి, చిన్న ఉండలు చేసి పుల్లకు కట్టుకున్నాను. అంత మంచి పరికరం తర్వాత ఏ పట్నం దుకాణంలోనూ నాకు దొరకలేదు.

నాయిన సాయంత్రాలు కూర్చునేవాడు. కూర్చునేవాడంటే, గొర్రె అరిస్తే లేచేవాడు, కుక్క మొరిగితే లేచేవాడు, చుట్ట ఆరిపోతే లేచేవాడు. మళ్లీ కూర్చుంటే మడతలు మారిపోయేవి. ఏ మడత దగ్గర ఏది ఉందో నేను చెప్పి సర్దేదాన్ని. ఎదురు చెప్పకుండా సర్దించుకునేవాడు. బొమ్మలో తను ఎట్లా వచ్చాడో ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తానని అడగలేదు. షీటు పూర్తయిన సాయంత్రం దాన్ని పలకకు అంటించి అరుగు మీద గోడకు ఆనించాను. నాయిన అప్పుడు మంద దగ్గర ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే ప్రయాణం.

పెద్దనాయిన వచ్చాడు.

మా దగ్గర గొంగడిని కళ్లతో చూసి ఎవరూ కొనరు. మక్తల్ సంతలో చూడండి, మనిషి మాట్లాడుతూనే అరచెయ్యి ఆనించి కిందికి ఒకసారి, మీదికి ఒకసారి తోలతాడు. నేత బిగువు, ఉన్ని మెత్తదనం అన్నీ ఆ చేతికే తెలుస్తాయి. ఆ తర్వాత చెయ్యి తిప్పి చూసుకుంటాడు. బూడిద ఉన్నిని రంగులో ముంచి నల్ల గొంగడి అని అంటగట్టేవాళ్లు ఉంటారు. ఆ రంగు అరచేతికి అంటుతుంది. గొర్రె ఒంటి మీద పుట్టిన నలుపు అంటదు.

పెద్దనాయిన అరుగెక్కి, షీటు ముందు గొంతుక్కూర్చుని, నేను నోరు తెరిచేలోపే అరచెయ్యి ఆనించి కిందికి ఒకసారి, మీదికి ఒకసారి తోలాడు.

భుజం పోయింది. వీపు మీద ఛాయలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి మసిగుడ్డ అయ్యాయి. నాకు కోపం వస్తే అప్పుడూ నోరు ఆగదు, ఇప్పుడూ ఆగదు.

"పెద్దనాయినా, గది గొంగడి కాదు, బొమ్మ. నీ కండ్లకేమైంది?"

ఆయన నా మాట వినిపించుకోలేదు. చెయ్యి తిప్పి చూసుకున్నాడు. అరచెయ్యి అంతా నలుపు.

"రంగు అంటుతాంది బిడ్డా. గిది అసలు నలుపు కాదు."

"బొగ్గు అంటదా మరి? బొమ్మ మీద ఎవలన్న చెయ్యి పెడ్తరా?"

"గొంగడి లెక్క ఉన్నదనే గద పెట్టిన" అన్నాడు. తప్పు చేశానన్న భావం ఆయన ముఖంలో లేదు. గొంగడి కనబడింది, చెయ్యి పెట్టాడు, అంతే.

నేను లోపలికి పోయి ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను. ఏడుస్తుండగానే ఆయన మాట లోపల తిరగడం మొదలుపెట్టింది. రేపు నాయిన చూసినా అదే పని చేస్తాడు. మా ఇంట్లో ఎవరు చూసినా అదే చేస్తారు. బొమ్మను ముట్టుకోవద్దని గొర్రెలు కాసేవాళ్లకు నేను చెప్పుకోలేను. ముట్టుకున్నా చెదరని నలుపు తేవాలి. అది తేలేకపోతే నాయిన వానలకు వచ్చి చెయ్యి తిప్పి చూసుకుని ఇంటికి నడువు అంటాడు. అనే హక్కు కూడా ఆయనకు ఉంటుంది.

తెల్లవారి మంద దొడ్డి దాటుతుంటే నాయినను గడప మీద కూర్చోబెట్టి కొత్త షీటు మీద మడతలు గబగబా గుర్తు పెట్టుకున్నాను. గొర్రెలన్నీ బయటపడేదాకా కూర్చున్నాడు. చివరి గొర్రె దాటగానే లేచి కర్ర అందుకున్నాడు.

"వానలకు వస్త" అన్నాడు, అంతే.

మిగతాదంతా మనసులో ఉన్నదాన్ని బట్టి గీశాను. మొదటిసారి కంటే బాగా వచ్చింది. చూసి గీసేటప్పుడు మడతలు లెక్కపెట్టుకుంటూ గీశాను, ఈసారి బరువు ఎక్కడుందో తెలిసి గీశాను.

ఇక నలుపును నిలబెట్టాలి. గొంగడి నేశాక మా వాళ్లు దానికి చింతగింజల గంజి పెడతారు. గింజలు వేయించి, నానబెట్టి, దంచి, ఉడికించి, కుంచెతో తోముతారు. పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పోగును పట్టుకునే గంజి బొగ్గును ఎందుకు పట్టుకోదు? పలచగా కాచి, పాత ధోతిలో వడగట్టి, మళ్లీ వడగట్టాను. కుంచె ఆనితే పెద్దనాయిన చెయ్యి ఆనినట్టే, కాబట్టి చిలకరించాలి. పాడైన షీటు ఒక మూలన పన్నీరు బుడ్డితో చిలకరించి చూస్తే చినుకు చినుకుగా పడి మశూచి మచ్చల్లా అయింది. అప్పుడు మక్తల్‌లో మంగలి దుకాణం గుర్తొచ్చింది. ముఖం మీద నీళ్లు పొగలా కొట్టే సీసా ఆయన దగ్గర ఉండేది. వెళ్లి అడిగాను.

"ఎవలకు గడ్డం గీస్తవు చెల్లె?" అన్నాడాయన.

"గొంగడికి."

ఆయనకు అర్థం కాకపోయినా సీసా ఇచ్చాడు. దాంట్లో గంజి పోసి కొట్టి, ఆరనిచ్చి, మళ్లీ కొట్టి, మళ్లీ ఆరనిచ్చాను. మొదట ఆ పాడైన షీటు మీదే. పెద్దనాయిన అరచేతి జాడ దాని మీద ఉన్నది ఉన్నట్టు నిలిచిపోయింది, ఎంత రుద్దినా పోలేదు. నా గుండె కుదుటపడింది. తర్వాత మంచి షీటు పట్టుకున్నాను.

పాలమూరు బడిలో హెడ్‌మిస్ట్రెస్ గదిలో షీట్లన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. కూజాలు, ద్రాక్షలు, నేను అనుకున్నట్టే. అన్నీ బాగున్నాయి, అన్నీ మెరుస్తున్నాయి. వాటి మీద కప్పి తెచ్చిన పలచటి కాగితాలు పక్కనే ఉన్నాయి. పట్నం నుంచి వచ్చిన ఒకామె తన షీటు పక్కనే నిలబడి, దగ్గరికొచ్చిన వాళ్లందరికీ చెయ్యి తగలనీయొద్దని చెబుతోంది. హెడ్‌మిస్ట్రెస్ కోస్తా నుంచి వచ్చినావిడ. మా మాట వింటే ఆవిడ పెదవి చివర చిన్న నవ్వు కదిలేది. అందుకే ఆవిడతో నేను మరీ మా మాటే మాట్లాడేదాన్ని.

నా షీటు ముందు ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

"ఈ నలుపు పెన్సిలుతో రాదే. దేనితో తెచ్చావమ్మాయ్?"

"చింతపుల్ల బొగ్గు మేడం. లోపటి మడతలల్ల కాటుక మసి."

"బొగ్గయితే చెదిరిపోతుంది కదా. పిల్లలకు నేర్పితే చీరలూ గోడలూ పాడు చేస్తారు."

"చెయ్యి పెట్టి సూడుండ్రి."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. పట్నం ఆమె కూడా చూసింది.

"మా తాన గొంగడిని గట్లనే సూస్తరు మేడం. అరచెయ్యి మొత్తం పెట్టాలె. కిందికొక్కసారి, మీదికొక్కసారి."

ఆవిడ కాస్త తటపటాయించి, గాజులు వెనక్కి తోసుకుని, అరచెయ్యి ఆనించారు. కిందికి తోలారు, మీదికి తోలారు. ఎవరూ చెప్పకుండానే చెయ్యి తిప్పి చూసుకున్నారు. శుభ్రంగా ఉంది. ఆవిడ మళ్లీ ఒకసారి షీటు మీద చెయ్యి పెట్టారు, ఈసారి పరీక్ష కోసం కాదు.

"ఎల్లుండి నుంచి వచ్చెయ్" అన్నారు.

నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. సంతోషం మాత్రం పట్టరానంత కలిగింది. ఆ షీటును ఆవిడే వరండా గోడకు పెట్టించారు. దారిన పోయే పిల్లలంతా దాని మీద చెయ్యి వేసి పోయేవాళ్లు, నేను ఒక్కరినీ అదిలించలేదు.

వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం పాఠం చెబుతుంటే వరండాలో కిర్రుచెప్పుల చప్పుడు వినబడింది. కాసేపటికి ఆగిపోయింది. నాకు అప్పటిదాకా ఉన్న ధీమా అంతా ఎటో పోయింది. సుద్దముక్క బల్ల మీద పెట్టాను. బయటికొచ్చాను. నాయిన చెప్పులు మెట్ల దగ్గర విడిచి, తడిసిన గొంగడితో షీటు ముందు నిలబడి ఉన్నాడు. గొంగడి కొసల నుంచి నీళ్లు నేల మీద కారుతున్నాయి. నన్ను చూడలేదు.

చెయ్యి గొంగడికి తుడుచుకుని, అరచెయ్యి షీటు మీద ఆనించాడు. కిందికి తోలాడు. మీదికి తోలేటప్పుడు చెయ్యి మెల్లగా పోయింది, భుజం దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడే ఉంచాడు.

"మా నాయినను నువ్వెప్పుడు సూసినవే?" అన్నాడు.

మంద వెనకాల నడిచిన పిల్లవాడు చూసిన వీపు అది. తన వీపును తను ఎప్పుడు చూశాడు గనక. అది నువ్వే నాయినా అనబోయి, నోరు మూసుకున్నాను. నా జన్మలో నేను మాట ఆపుకున్న సందర్భాలు తక్కువ.

నాయిన చెయ్యి తీసి, తిప్పి చూసుకున్నాడు. గీతలు పడిన అరచేతిలో వాన తడి తప్ప ఏమీ లేదు.

"రంగు అంటుతలేదు" అన్నాడు. "నువ్వు ఈడ్నే ఉండు బిడ్డా."